సాహెబ్ లెక్కపెట్టిన ఎనభై నాలుగు

మా వేంపల్లెలో కారు మొరాయిస్తే ముందుగా బానెట్ ఎత్తని మెకానిక్కు హుస్సేన్ సాహెబ్ ఒక్కడే. మిగతావాళ్లు బండి కనబడగానే స్పానరు తీస్తారు. ఈయన డ్రైవరు సీట్లో తీరిగ్గా కూర్చుని, ఎదురుగా వెలిగే పసుప్పచ్చ దీపాన్ని చూస్తూ నమాజు తస్బీ పూసలు తిప్పుతాడు. బట్టల అంగడి కేశవయ్యనైన నేను, అదంతా నాటకమని నలుగురిలోనూ అన్నాను. ఆ మాట ఆయన చెవినా పడింది.

ముప్పయ్యేళ్లు ఆయిలింజన్లూ ట్రాక్టర్లూ బాగుచేసిన చెయ్యి ఆయనది. కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక పని తగ్గింది. ఇంకొకరైతే షెడ్డు మూసుకునేవారు. ఈయన యాభై దాటాక కర్నూలు పోయి, నెల రోజులుండి, కార్లు తమ జబ్బు తామే చెప్పుకునే నంబర్లు నేర్చుకొచ్చాడు. ఆయనకు కూడబలుక్కుని చదవడం వచ్చుగానీ రాయడం రాదు. అందుకని ఏ నంబరుకు ఏ జబ్బో ఆయన చెబుతుంటే భార్య మాబున్నీసా నోటుపుస్తకంలో రాసిపెట్టింది.

2007లో మా అమ్మాయి శ్రీవాసవికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఏ ఊరి బడో తేల్చే కౌన్సెలింగు కడపలో, పొద్దున పదింటికి. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే దగ్గరి బడులన్నీ వేరేవాళ్లు ఎంచుకుంటారు, మనకు మిగిలేది జిల్లా చివర ఎక్కడో.

"ఏడింటి బస్సుకు పోదాం నాయనా" అంది పిల్ల ముందురోజే.

"ఇంట్లో కారు పెట్టుకొని బస్సేందే?" అని కసిరాను. ఆ సాయంత్రమే మా అమ్మ రాజ్యలక్ష్మమ్మ కారు ముందర నిమ్మకాయ కట్టి, తాళానికి దర్గా తాయెత్తు చుట్టింది. దేవుడి గుడి ఎంతో దర్గా అంతే ఆవిడకు.

తెల్లారి ఎనిమిదికి తాళం తిప్పితే సెల్ఫ్ గరగర తిరుగుతుందిగానీ ఇంజను అందుకోదు. వీధి వీధంతా తోసింది. నా తెల్లపంచె మసి గుడ్డయింది. కారు అమ్మినవాణ్ణీ, పెట్రోలు పోసినవాణ్ణీ, చివరికి తోసేవాళ్లనూ తిట్టాను. తర్వాతి బస్సెక్కితే కడప చేరేసరికి పదిన్నర. శ్రీవాసవి సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని పదేపదే టైం చూసుకుంటూ కూర్చుంది. బస్సు మాటెత్తి నన్ను ఒక్క మాటైనా అనుంటే బాగుండేది.

"హుస్సేనును పిలుచుకోని రారా" అంది అమ్మ. మొహం చెల్లకపోయినా పోయాను.

ఆయన లూనా దిగుతూనే, "ఏం శెట్టీ, నాటకం జూస్తావా?" అన్నాడు. నేను తలొంచుకుని కారు తలుపు తీశాను.

స్టీరింగు కింద రెండు పిన్నులకు చిన్న వైరుముక్క తగిలించాడు. దీపం మినుకుమినుకుమంది. మినుక్కొక పూస చొప్పున ఎనిమిది పూసలు జరిపాడు. కాస్త ఆగి నాలుగు. మళ్లీ ఎనిమిది, మళ్లీ నాలుగు. మూడు సార్లయ్యాక పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివాడు: "ఎనభై నాలుగు. తాళాన్ని బండి గుర్తు పట్టలేదు."

"రెండేండ్లుగా ఇదే తాళం గదప్పా" అన్నాను.

"తాళం తలకాయలో చిన్న బిళ్ళ ఉండాది శెట్టీ. అది తన పేరు చెప్తేనే బండి కదిలేది. దొంగల బయానికి పెట్టినారు. రెండో తాళం యాడ?"

"ప్రొద్దుటూరులో, మా తమ్ముని కాడ."

ఆయన తాళం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తల కనబడకుండా రాగిరేకు, దాని మీద నల్లదారం.

"ఎవురు చుట్టినారు దీన్ని?"

"నేనే నాయనా. మీ మాబున్నే నిన్న దర్గా నుంచి తెచ్చిచ్చినాది" అంది అమ్మ.

సాహెబ్ రేకును బొటనవేలితో తడిమాడు. "రాగి అడ్డమొస్తే దాని మాట బండికి యినపడదమ్మా. తీయాల."

"పిల్ల అంత దూరం పోతాంటే తాయెత్తు తీస్తారా ఎవురన్నా?" అమ్మ తాళం లాక్కోబోయింది. నేను అరవబోయాను. సాహెబ్ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"దువా జేయించింది పాపకా, బండికా?"

"పాపకే."

"అయితే పాపకే కడదాం." రెండు చేతులతో రేకు విప్పి, కళ్లకద్దుకుని, మడిచి, అదే దారంతో శ్రీవాసవి మణికట్టుకు కట్టాడు. తాళం నాకిచ్చాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"తప్పయింది సాయిబూ" అన్నాను.

"అది మాపటికి జెప్పుదువులే. పో."

పదికి అయిదు నిమిషాలుందనగా కడపలో దిగాం. రోజూ ఇంటినుంచి పోయి రాగలిగే బడి దొరికింది పిల్లకు.

సాయంత్రం మిఠాయి తీసుకుని షెడ్డుకు పోయాం. సాహెబ్ శ్రీవాసవి ముందు నోటుపుస్తకం పెట్టి, "ఎనభై నాలుగు కింద ఒక ముక్క రాయి పాపా" అన్నాడు.

"తాయెత్తు అని రాయనా మామా?"

ఆయన షెడ్డు వెనకున్న తన ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు. "వద్దు. అది జూస్తే మా ఇంటామెకు మూడు దినాలు అన్నం దిగదు. తాళానికి ఏమన్నా చుట్టినారేమో జూడు, అని రాయి సాలు."

మా పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. సిరా ఆరకముందే మాబున్నీసా టీ తెచ్చింది. పిల్ల మణికట్టు చూడగానే ఆమె మొహం విప్పారింది. "జూసినారా, నేను తెచ్చిన తాయెత్తు ఎట్లా పనిజేసినాదో."

నేను నోరు తెరిచేలోపు సాహెబ్ నా కాలు తొక్కాడు.

"అవునమ్మా, శానా బాగ పనిజేసినాది" అని చెప్పి, టీ గ్లాసు అందుకున్నాను.