అరమణుగు గుండు మీద ఈకల గాలం

మా ఇంట్లో బల్ల లేకపోవడంతో వచ్చింది తంటా అంతా. అవి యుద్ధం రోజులు. కోటబొమ్మాళిలో మాది బెల్లం కొట్టు. రైల్వే దొర ఒకాయన మా ఆయనకు ఈకల గాలాలు కట్టడం నేర్పి, బదిలీ మీద పోతూ తన వైసు ఇచ్చిపోయాడు. గాలాన్ని దవడల మధ్య బిగించి పట్టుకునే చిన్న ఇనప సాధనం అది. అలా బిగించిన గాలానికి కోడీకలు, పట్టుదారం చుడితే చేప పురుగనుకుని మోసపోతుందట. మాది చేప వాసన తగిలితే స్నానం చేసే ఇల్లు. ఈయనా చేప ముట్టరు. పిచ్చంతా ఆ పని మీదే. మామగారికి తెలియకుండా వెనక గదిలో, నేల మీద కూర్చుని కట్టేవారు.

ఆ వైసును బల్ల అంచుకు బిగించుకోవాలి. నేల మీద కూర్చునేవాళ్లకు బల్ల అంచు ఎక్కడిది? పీటకు బిగిస్తే దారం లాగినప్పుడల్లా పీట లేచేది. చెక్కదిమ్మ ఒరిగిపోయింది. రుబ్బురోలు పొత్రం అడిగితే "పిండి దేంతో రుబ్బీది?" అని నేనే కసిరాను. చివరికి ఒకరోజు చూద్దును కదా, వైసు ఇసుమంతైనా కదలకుండా నిలబడి ఉంది. దాని కింద మా కొట్లోని అరమణుగు తూనికగుండు! కమ్మరి చేత బెజ్జం వేయించి, వైసు కాడ దింపి, సీసం పోయించారు.

"బెల్లం రోజులొచ్చీలోగా కొత్తది తెచ్చీస్తాను లేవే. దాని సోట నల్లరాయి పెట్టినాను" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. సర్కారు ముద్ర ఉన్న గుండుకు బెజ్జం వేసే వర్తకుడు ఎక్కడైనా ఉంటాడా?

కొన్నాళ్లకే తూనికల ఇన్‌స్పెక్టరు కొట్లో దిగాడు. కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"అరమణుగు గుండు చోట రాయి పెట్టారేం?"

"రాయేటి బాబూ, గుండే" అన్నారు మామగారు.

"కళ్లెదుట కనిపిస్తుంటే అబద్ధమా?"

"గుండే బాబూ" అన్నారాయన మళ్లీ.

మా ఆయన వెనక గదిలోకి పరుగెత్తుకొచ్చారు. మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. "ఒసే, వైసు ఊడబీకీమంటావేటి?"

"పీకితే బెజ్జం. గుండు తేలికైపోతాది, కొన్నోళ్లని ముంచినట్టు. ఉంచితే సీసం బరువు, మనకి బెల్లం అమ్మీ రైతుల్ని ముంచినట్టు. ఎలాగైనా మావయ్యగారికే సంకెళ్లు. నిజం సెప్పండి."

గుండు నేనే ఎత్తాను. సగం కట్టిన గాలం ఈకలు ఊగుతుండగా తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. వెనకే వచ్చి మా ఆయన తడబడుతూ అంతా చెప్పారు. ఇన్‌స్పెక్టరు వైసును అటూ ఇటూ ఊపి చూశాడు. కదల్లేదు. "మోసం చేసేవాడు గుండుకి ఈకలు కట్టుకోడులే" అని నవ్వి, ఆ గుండు మీది సర్కారు ముద్ర చెరిపేయించి, వెంటనే కొత్తది కొనమని గట్టిగా హెచ్చరించి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మామగారు గాలం వంక తిరగనైనా లేదు. గుండ్లు పెట్టే మూలకి వెళ్లి, గొంతుకూర్చుని, నల్లరాయిని రెండు చేతులతో నెమ్మదిగా తడిమారు.

"రాయేరా" అన్నారు. "గుండనుకుని రోజూ పొద్దున్న దీనికే దండం పెట్టినాను."

రాయి మీంచి చేతులు తీయకుండానే మళ్లీ అన్నారు:

"మనుషులే మసక మసగ్గా అగుపిస్తన్నారు. సెప్తే కొట్లోంచి లేపీస్తారని సెప్పనేదు."

మొలలోని తాళాలగుత్తి తీసి "ఇకనుంచి నువ్వే కూకోరా" అంటూ కొడుకు ఉన్నాడనుకున్న వైపు చాచారు. అక్కడ నిలబడి ఉన్నది నేను.