పక్కింటి స్లాబు

ఆ రోజు పొద్దున్నే ధనభాగ్యం చేసిన పని ఎవరికీ తెలియదు. పక్కన మరిది రఘునాథన్ కట్టుకుంటున్న ఇంటికి పనివాళ్ళు ఇంకా రాలేదు. చనిపోయిన భర్త టేపు పట్టుకుని, గోడ పక్కన నడుం వంచి, ఆ కొత్త ఇంటికీ తన సరిహద్దుకీ మధ్య ఎంత ఖాళీ వదిలారో కొలిచింది. ప్లానింగ్ ఆఫీసు ముద్ర వేసి ఇచ్చిన ప్లానును రఘునాథన్ గేటు పక్కన బోర్డుకు అంటించి పెట్టాడు. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ అంకెలు బాగా తెలుసు. ప్లానులో ఎంతుందో గోడ దగ్గరా అంతే ఉంది. కిటికీ మీది సన్‌షేడు కూడా ఆమె వైపుకు వేలెడు రాలేదు. ఒక్క అంగుళమైనా తేడా వచ్చి ఉంటే ఆ పూట ఆమెకు కాఫీ రుచించేది.

టేపు చుట్టి కొంగులో దాచుకుని వచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. మూడు నెలలుగా అదే ఆమె చోటు.

తమిళుల మధ్య తెలుగు వాళ్ళుండే కోసపాళయంలోని ఆ సందులో మామగారి స్థలం అన్నదమ్ములిద్దరికీ చెరి సగం వచ్చింది. పెద్దవాడు పట్టాభిరామన్, ధనభాగ్యం భర్త, మేస్త్రీ. ముప్పై ఏళ్ళు ఊరంతా ఇళ్ళు కట్టాడు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని ఏ ఇంటి పని జరిగితే ఆ ఇంటికి ధనభాగ్యం వెళ్ళేది. అన్నం తింటూ ఆయన చెప్పేవాడు. ఇటుకను ఇటుక మీద కొడితే గంటలా మోగాలి. నీళ్ళలో ముంచిన ఇటుక బుడగలు ఆగేదాకా తీయకూడదు. ఇనుప కంబీ కింద సిమెంటు బిళ్ళ పెట్టకపోతే కంబీ వెళ్ళి అడుగు పలకకు ఆనుకుంటుంది, అప్పుడు స్లాబు అడుగున కంబీ బయటపడి తుప్పు పడుతుంది. ఆమె వింటూ మజ్జిగ పోసేది. అలా విన్నదంతా ఆమెలో ఉండిపోయింది.

సొంత ఇల్లు మాత్రం ఆయన చివర్లో మొదలుపెట్టాడు. పునాది వేశాడు, పిల్లర్లు లేపాడు. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఇంకొకరి ఇంటి మెట్ల మీద కూర్చుని గుండె నొప్పి అన్నాడు. అంతే. పిల్లలు లేరు. ముందున్న రెండు రేకుల గదుల్లో ఆమె ఒక్కతే. వెనక పెరట్లో ఆరు పిల్లర్లు, వాటి తలల మీద ఆకాశంలోకి పొడుచుకు వచ్చిన కంబీలు. అవి తుప్పు పట్టకుండా ఏటా వానలు రాకముందు సిమెంటు పాలు కలిపి, నిచ్చెనెక్కి, ఒక్కో కంబీకి పూసేది. ఎవరి కోసమని అడిగిన వాళ్ళకు జవాబు చెప్పేది కాదు.

ఆ పిల్లర్ల పక్కనే ఇప్పుడు మరిది ఇల్లు లేచింది. తోడికోడలు రంజని సాయంత్రాలు గోడలు తడుముతూ తిరుగుతుంటే, కూతురు జనని తన గది ఎక్కడో అడుగుతుంటే, రఘునాథన్ చేతులు నడుముకు పెట్టుకుని పైకి చూస్తుంటే, ధనభాగ్యం కిటికీ రెక్క దగ్గరికి లాక్కుని సందులోంచి చూసేది. అన్నిటికంటే మించిన బాధ ఇంకొకటి. ఆ పని చేస్తున్నది వేల్మురుగన్. పట్టాభిరామన్ దగ్గరే పని నేర్చుకున్న తమిళ మేస్త్రీ. తెలుగు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అతను కంబీల కింద వరసగా బిళ్ళలు పెట్టడం చూసింది. తన మొగుడి చేతి పనితనం పక్కింటికి పోతోంది. తప్పు పట్టాలంటే తప్పు దొరకడం లేదు.

ఇసుక లారీ వచ్చిన నాడు దొరికింది.

అప్పటిదాకా గోడలన్నీ రాయి పిండి చేసిన ఎం-శాండ్‌తోనే కట్టారు. స్లాబుకు మాత్రం రఘునాథన్ ఏటి ఇసుకే కావాలని పట్టుబట్టి, ఎవరినో పట్టుకుని ఒక లోడు తెప్పించాడు. "రాతిపొడితో ఇంటి కప్పు వేస్తారా? మా అన్న ఏటి ఇసుక తప్ప ముట్టేవాడు కాదు," అన్నాడు. ఆ ఇసుకను ఆమె ప్రహరీకి ఆనించి పోశారు.

రెండు రోజులు ఎండ కాసింది. అయినా ఇసుక కుప్ప పైపొర తప్ప ఆరలేదు. చేత్తో పట్టుకుంటే జిడ్డుగా తడి. చిన్న చిన్న గుల్లల ముక్కలు మెరుస్తున్నాయి. ధనభాగ్యం గోడ మీదుగా చెయ్యి చాపి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పట్టాభిరామన్ ప్రతి లోడుకూ అలాగే చేసేవాడు.

ఉప్పు.

ఎక్కడో సముద్రపు ఇసుక కలిపారు. ఆమెకు వెంటనే కలిగింది సంతోషం. సిగ్గు తర్వాత వచ్చింది. గబగబా కొంగుతో నాలుక తుడుచుకుంది. చెప్పాలి. రేపే కాంక్రీట్. చెప్పులు వేసుకుంటుండగా రంజనే వచ్చింది, చేతిలో తాంబూలం పళ్ళెంతో.

"అక్కా, రేపు స్లాబు వేస్తా ఉండాము. పనోళ్ళకందరికీ బిర్యానీ. నువ్వు వచ్చి తినిపోవాల."

"వస్తాలే. నేనే నీ కాడికి..."

"పూజ అయినంక రా అక్కా. ఏడున్నరకి ముహూర్తం. నువ్వు తొమ్మిదికి వచ్చినా చాలు." రంజని కళ్ళు నేల మీదున్నాయి. "తప్పుగా అనుకోవద్దు. మా అమ్మావాళ్ళు అట్ల చూస్తారు."

స్లాబు నాడు మొదటి తట్ట కాంక్రీట్‌కు కర్పూరం తిప్పి, పసుపు కుంకాలున్న ఆడవాళ్ళు చేత్తో తాకి ఎత్తి ఇస్తారు. అప్పుడు బొట్టు లేని మనిషి ఎదురుండకూడదు. ధనభాగ్యానికి తెలియని సంగతి కాదు.

"తప్పేముంది, అయినంకే వస్తా," అంది. చెప్పులు విడిచేసింది. చెప్పాలనుకున్న మాట చెప్పులతో పాటే వాకిట్లో ఉండిపోయింది. పడనీ ఆ స్లాబు. నాలుగేళ్ళు, ఐదేళ్ళు. కంబీలు ఉబ్బుతాయి, పెచ్చులు ఊడి మంచాల మీద పడతాయి. పూజకు వచ్చిన వాళ్ళే వచ్చి ఊడ్చుకుంటారు.

తెల్లారింది. మిక్సర్ మిషను వచ్చింది. చుట్టాలు వచ్చారు. ధనభాగ్యం కిటికీ దగ్గరే ఉంది. రఘునాథన్ గొంతు గోడ దాటి వచ్చింది.

"ఏం ఇసుక అనుకొంటిరి? ఈ కాలంలో ఎవురికీ దొరకదు. మా అన్న వాడిన ఇసుక. మా ఇంటి కప్పుకి పట్టాభిరామన్ ఇసుకే."

ఆమె లేచి నిలబడింది. అన్నీ చూసింది, అన్నీ ఓర్చింది. ఆ ఉప్పు ఇసుకకు ఆయన పేరా? ఇల్లు వాళ్ళది, పిల్ల వాళ్ళది, మొగుడు రంజనికి ఉన్నాడు. ఆ పేరు ఒక్కటే తనది. దాన్ని కూడా పట్టుకుపోతారా? పూజ అయ్యాక వెళితే మొదటి తట్ట పడిపోయి ఉంటుంది.

గేటులో ఆమెను చూసి రంజని తల్లి పళ్ళెం పక్కకు తిప్పుకుంది.

"వదినా, పూజ ఇంకా కాలా," అన్నాడు రఘునాథన్.

"తెలుసు. మిషను ఆపు. ఇది ఏటి ఇసుక కాదు, సముద్రం మన్ను కలిపినారు."

రంజని ముఖం ఎర్రబడింది. "ఏందక్కా ఇది, శుభం జరిగేటప్పుడు! మా గోడ లేచినప్పట్నించి చూస్తానే ఉండా. కిటికీ కాడ్నించి కదల్లా నువ్వు. నీకు కడుపుమంట."

"అవును. కడుపుమంటే," అంది ధనభాగ్యం. "కదలకుండా చూసినా కాబట్టే కనపడింది. మీరు యాడ చూస్తిరి?"

గుప్పెడు ఇసుక తీసి మరిది ముందు చెయ్యి చాపింది. "నాలిక మీద వేసుకో."

"మన్ను తినమంటావా వదినా?"

"మీ అన్న ప్రతి లోడూ తినె. ఏటి ఇసుక అనే పేరు పట్టుకొంటివి. నోట్లో వేసుకొనేది పట్టుకోలా."

రఘునాథన్ నోట్లో వేసుకున్నాడు. ముఖం మారిపోయింది. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. వేల్మురుగన్ కూడా చిటికెడు వేసుకుని తల దించుకున్నాడు.

"ఉప్పేనన్నా. కంబీని తినేస్తుంది."

"నువ్వెందుకు చూడలేదురా? ఆయన దగ్గర నేర్చినావే," అంది ధనభాగ్యం.

"నేను ఎం-శాండే చాలంటినక్కా, అన్న వినలా. ఓనరు ఆశపడి తెచ్చిన ఇసుకని ఆయన ముందర నోట్లో వేసుకొంటే మర్యాద కాదని..."

మిషను ఆపేశారు. ముహూర్తం దాటిపోయింది. బిర్యానీ మాత్రం అందరూ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ రఘునాథన్ మెల్లగా అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసె వదినా?"

"నిన్న."

"నిన్ననే చెప్పొచ్చు కదా?"

"చెప్పబుద్ధి కాలా."

అతను తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని లారీ వాడికి ఫోను చేశాడు.

ఆ ఇసుక కుప్పను తవ్వి తీసుకుపోయారు. వారం తర్వాత ఎం-శాండ్‌తో స్లాబు వేశారు. ఈసారి కూడా పూజ అయ్యాకే రమ్మన్నారు. ధనభాగ్యం తొమ్మిదికి వెళ్ళి బిర్యానీ తిని వచ్చింది.

మర్నాడు స్లాబు గట్టిపడడానికి దాని మీద గళ్ళు గళ్ళుగా మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలపాలి. రంజని ఉద్యోగానికి పోవాలి, రఘునాథన్ కొట్టు తెరవాలి. "నీళ్ళ పని అక్క చేతికి ఇయ్యండి. ఒక పూట ఎండనియ్యదు," అన్నాడు వేల్మురుగన్. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కాదనలేదు.

రోజూ పొద్దునా సాయంత్రమూ పైకెక్కి గొట్టంతో నీళ్ళు పట్టింది. పట్టే ముందు ప్రతి గడిలోనూ వంగి చూసేది, వెంట్రుకంత పగులైనా కనిపిస్తుందేమోనని. కనిపించాలనే ఉండేది ఆమెకు. స్లాబు అద్దంలా వచ్చింది. అంత బాగా రావడం తన వల్లేనని తలుచుకుంటే ఆమెకు ఇంకా మండేది.

పదో రోజు రంజని కాఫీ గ్లాసుతో పైకి వచ్చింది. "ఇంక చాలు కదక్కా?"

"చాలదు. ఇంకో నాలుగు రోజులు తడవాల."

రంజని గ్లాసు గట్టు మీద పెట్టి దిగిపోయింది. ధనభాగ్యం కాఫీ తాగింది. అక్కడి నుంచి తన పెరడు మొత్తం కనిపిస్తోంది. ఆరు పిల్లర్లు, వాటి మీద కంబీలు. ఒక మూల పాత సిమెంటు పొర లేచి, కింద ఎర్రగా కనిపించింది. ఇంతకాలం కింద నుంచి చూసినప్పుడు అది కంటపడలేదు.

నీళ్ళు కట్టేసి కిందికి దిగింది. రంజని వాళ్ళ బస్తాలో మిగిలిన సిమెంటు నాలుగు దోసిళ్ళు అడక్కుండానే తీసుకుంది. ఇంటికి వెళ్ళి బకెట్లో సిమెంటు పాలు కలిపి, నిచ్చెన వేసుకుని, ఆ మూల కంబీని గీకి గీకి మెరిసేదాకా తుడిచి, పూయడం మొదలుపెట్టింది.