ఇసికేలి మామ చదివే పేజీ

దీవుల మధ్య రేవు పట్నమైన సువాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సిద్ధాంత గ్రంథాలు అందుకునే ఇసికేలి మామ ప్రతి గ్రంథంలోనూ ఒకే ఒక్క పేజీ చదువుతాడు. అది కృతజ్ఞతల పేజీ. మిగతా మూడు వందల పేజీలూ ఆయన దృష్టిలో అట్ట నిలబడటానికి వేసిన కాగితాలు.

ప్రొఫెసర్లందరూ తలూపినా, ఆ పేజీ నచ్చనిదే మామ ముద్ర వెయ్యడు. ముద్ర లేనిదే పట్టా రాదు.

"సొరచేపల మీద రాశావు. పడవ నడిపిందెవరు?" అని ఒక కుర్రాణ్ణి అడిగాడు.

"ఎవరో టోంగా దీవులాయన, మామా."

"ఆ ఎవరో నిన్ను ప్రాణాలతో ఒడ్డుకు చేర్చాడు. పేరు కనుక్కొని రా, పో!"

ఒక కవయిత్రి పట్టా కోసం రాసిన కవితల సంపుటిని "నా ఏకాంతానికి" అని ముగించి తెచ్చింది. "ఏకాంతానికి టీ కాచి ఇచ్చిందెవరు?" అన్నాడు మామ. ఆవిడ వారం రోజులు తిట్టిపోసి, చివరికి పక్కింటావిడ పేరు రాసింది. ఇవన్నీ విని హడలిపోయిన ఇంకొకడు పడవ ఇంజనుకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. మామ వాణ్ణి తెగ మెచ్చుకున్నాడు.

అలాంటి మామ చేతికి చిక్కింది రోటియా. కిరిబాస్ దేశంలో వాళ్ళ దీవి నుంచి సిద్ధాంత గ్రంథం రాసిన మొదటి మనిషి ఆమే. గుంటల్లో పెంచే బాబయ్ దుంప మీద నాలుగేళ్ళు కష్టపడి రాసింది. శుక్రవారం నాలుగు గంటల్లోగా ముద్ర పడకపోతే ఈ ఏడు పట్టా లేనట్టే.

"పధ్నాలుగు పేర్లున్నాయి. ఒక్కరూ రైతు కారేం?" అన్నాడు మామ. "గుంటలో ఏ ఆకు ఎరువు ఎప్పుడు వెయ్యాలో నీకు చెప్పిందెవరు?"

"చెప్పలేను మామా."

"అయితే ముద్ర వెయ్యలేనమ్మాయ్."

రోటియా ఏం చేస్తుంది? వాళ్ళ దీవిలో బాబయ్ పెంచే కిటుకు ఏ ఇంటిది ఆ ఇంట్లోనే ఉండాలి. వాళ్ళ తాత ఆమెకు అంతా చెప్పి, "రాసుకో. నా పేరు మాత్రం ఎత్తకు, చుట్టాలు నన్ను నమిలేస్తారు" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కోపంతో ఊగిపోతూ వెళ్తే మామ బల్ల దగ్గర లేడు. రేవులో ఉన్నాడన్నారు. అక్కడ ఒక ఓడ వంటవాడి చేతికి కవర్లు ఇస్తున్నాడు.

"ఇది టోంగాలో పడవాయనకి. చదువు రాదట, గట్టిగా చదివి వినిపించు."

"ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా పేరు ఏ పేజీలో ఉంది మామా?" అన్నాడు వంటవాడు.

రోటియా ఆ కవర్లు చూసింది. అన్నింట్లోనూ కృతజ్ఞతల పేజీలే. పుస్తకంలో తమ పేరుందని ఎన్నడూ తెలియని వాళ్ళకు ఆయన ఓడల మీద పంపిస్తున్నాడు. ఆమె కోపం నీరుగారిపోయింది. తాత సంగతంతా చెప్పేసింది.

మామ గడ్డం గోక్కున్నాడు. "పేరు వద్దంటే వద్దు. కానీ మనిషి ఉన్నాడుగా! ఒక గీత గీసి ఖాళీగా ఉంచు."

నాలుగింటికి పది నిమిషాల ముందు ముద్ర పడింది. పేజీ నకలు కిరిబాస్ ఓడ ఎక్కింది.

రెండు నెలలకు అది తిరిగొచ్చింది. ఖాళీ గీత మీద పెద్ద పెద్ద అక్షరాలతో తాత పేరు. పక్కనున్న ప్రొఫెసరు పేరు మీదికి కూడా ఎక్కేసింది. దాంతోపాటు వాళ్ళమ్మ ఉత్తరం.

"ఊరి సభలో చదివించాం. ఖాళీ గీత దగ్గరికి రాగానే ముగ్గురు ముసలాళ్ళు లేచి 'అది నేనే' అన్నారు. తాతకు ఒళ్ళు మండిపోయింది. 'చుట్టాలు నమిలితే నమలనీ, అది నా గీత!' అని కలం లాక్కున్నాడు. అప్పటి నుంచీ ఆయన తల దించి నడవడం లేదు."

రోటియా గర్వంగా ఆ రెండూ మామ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆ పేజీని గ్రంథంలో కుట్టించమని మామ ముందు పెట్టింది.

మామ కళ్ళజోడు పెట్టుకుని పేజీనీ, ఉత్తరాన్నీ రెండుసార్లు చదివాడు. ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఆ ముగ్గురు ముసలాళ్ళ పేర్లేవీ?"

"వాళ్ళెందుకు మామా?"

"వాళ్ళు లేవకపోతే మీ తాత లేచేవాడా?"

రోటియా నవ్వుతూ కలం తీసుకుంది.