పాలరాతి తొట్టీ, నా కడుపుమంటా

ఆ రోజుల్లో, అంటే మా జనగామ జిల్లా అయిన కొత్తలో, నాకు పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని కాలంలో, మనిషి గొప్ప అతని స్నానాలగదిలో తెలిసిపోతుందని నేను నిజంగానే నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం కలిగించినవాడు మా సడ్డకుడు (మా ఆవిడ అక్కకు మొగుడు). మానుకోటలో మిర్చి వ్యాపారం అతనిది. ఇల్లు బాగు చేయించుకుంటూ స్నానాలగదిలో బాత్‌టబ్ పెట్టించాడు. భూపాలపల్లిలో ఉండే మా మామగారు దాన్ని చూసి వచ్చి, ఆగలేక మా ఆవిడకు ఫోను చేశారు. "పెద్దల్లుడు తొట్టి వెట్టిచ్చిండు బిడ్డా! మనిషి కాళ్ళు సాపుకొని పండుకోవచ్చు అండ్ల. నీ మొగన్ని జర పోయి చూసి రమ్మను" అన్నారు. పక్కనే అన్నం తింటున్న నాకు అంతా వినబడింది. తొట్టి సంగతి అలా ఉంచండి, "పెద్దల్లుడు" అన్నప్పుడు ఆయన గొంతులో ఒక మురిపెం పలికింది. అలాంటి మురిపెంతో ఆయన "చిన్నల్లుడు" అనగా నేను ఒక్కసారి కూడా వినలేదు. నాకు అది కావాలి. ఎట్లాగైనా కావాలి.

మానుకోట వెళ్ళి చూశాను. తెల్లగా, నున్నగా, సినిమాలో తొట్టిలా ఉంది. సడ్డకుడు వేలి కణుపుతో దాన్ని టక్కుటక్కుమని కొట్టి, "ఆక్రిలిక్ తమ్మీ. ఫైబర్ అనుకున్నవా ఏంది? ఫైబర్‌ది రెండేండ్లకే పసుపు తిరుగుతది" అని పాఠం చెప్పాడు. "మంచిగుంది అన్నా" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నేను పడ్డ యాతన పరీక్షల్లో కూడా పడలేదు. తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదు. ఆ తొట్టికి చిన్న పగులైనా రావాలని మనసులో మొక్కుకుంటూ కూర్చున్నాను (దేవుడు క్షమించాలి, ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తులేదు).

వారం తిరక్కుండా మా ఇంటి స్నానాలగది పగలగొట్టించాను. జనగామలో సామాన్ల దుకాణమాయన పాపం ఓపిగ్గా చెప్పాడు. ఫైబర్ అయితే అల్కగా ఉంటుందట, ఇద్దరు మోస్తారట. ఇనుముది తెల్లటి పూతతో వస్తుందట, తరాలు నిలుస్తుందట. నేను అవేవీ వినలేదు. "ఆక్రిలిక్ కన్న పెద్దది ఏది?" అని అడిగాను. ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, "పెద్దదంటే పాలరాయి సార్. గాని, ఆ రాయి రంగు గుంజుతది. పసుపు, నూనె పడకుంట చూసుకోవాలె. ఇంట్ల మనుషులు తానం చేసుడంటే..." అని నసిగాడు. పాలరాయి అన్న మాట తర్వాత నాకు ఇంకేమీ వినపడలేదు.

ఆ తొట్టిని దింపడానికి ఆరుగురు కావలసి వచ్చారు. తలుపు చౌకట్టు పీకితే గాని లోపలికి పోలేదు. వాడకట్టులో ఎవరు కనబడినా పిలిచి చూపించాను. అప్పటికి దసరాకు ఇంకా పది రోజులుంది. పండుగనాడు మామగారూ సడ్డకుడూ కలిసి మా ఇంటికి వస్తామన్నారు. అంతవరకూ ఎవరూ దాంట్లో స్నానం చేయకూడదని ఇంట్లో ఆంక్ష పెట్టాను. నేను కూడా పక్కనే బకెట్టు పెట్టుకుని చెంబుతో పోసుకున్నాను.

స్నానం చేయకూడదన్నాను గాని, ఇంకేమీ చేయకూడదని చెప్పలేదు. సద్దుల బతుకమ్మ ముందురోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు పదిహేను జతల చెప్పులున్నాయి. స్నానాలగదిలో వాడకట్టు ఆడవాళ్ళందరూ బతుకమ్మ పేర్చడానికి రంగు అద్దాల్సిన తెల్లటి గునుగుపూల కట్టలు పట్టుకుని తొట్టి చుట్టూ కూర్చున్నారు. తొట్టి నిండా గులాబీ రంగు నీళ్ళు.  మా ఆవిడ వెలిగిపోతున్న ముఖంతో ఎదురొచ్చింది. "యేటేటా బకెట్లల్ల అద్దీ అద్దీ నడుములు వోతుండె. గీయేడు వాడంత గునుగు ఒక్కపారే మునిగింది! అందరు నిన్నే తారీఫ్ చేస్తున్నరు" అంది. పొద్దున కలిపిన రంగట అది. అందరి ముందూ ఏమనగలను? "మంచిగయింది" అన్నాను.

ఆడవాళ్ళు వెళ్ళాక రుద్దడం మొదలుపెట్టాను. సబ్బు, సోడా, బ్లీచింగు పొడి, చివరికి నిమ్మకాయ చెక్కలు. రుద్దినకొద్దీ రంగు పోలేదు సరిగదా, అంతటా సమంగా పాకి లేత గులాబీలో స్థిరపడింది. "పండుగపూట ఏంది నీ పరేషాన్?" అని మా ఆవిడ విసుక్కుంది. మామగారు ఆ తొట్టిని చూసి ఎలా నవ్వుతారో, సడ్డకుడు ఆ నవ్వును మానుకోట దాకా ఎలా మోసుకుపోతాడో తలచుకుని నాకు ఏడుపొక్కటే తక్కువైంది.

దసరానాడు వచ్చారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోగానే సడ్డకుడు నేరుగా స్నానాలగదికి నడిచాడు. నేను తలుపుకు అడ్డం నిలబడే లోపలే చూసేశాడు.  టక్కుటక్కుమని కొట్టి చూశాడు. చివరికి, "తమ్మీ, గీ గులాబి రాయి ఏడ దొరికింది?" అన్నాడు. ఆ గొంతును నేను వెంటనే గుర్తుపట్టాను. మానుకోటలో "మంచిగుంది అన్నా" అన్నప్పటి నా గొంతే అది! "ఆర్డరిచ్చి తెప్పిచ్చిన అన్నా" అన్నాను, కంటిరెప్ప కొట్టకుండా. వెనక మా ఆవిడకు దగ్గు వచ్చింది. మామగారు తొట్టి అంచు నిమిరి, "మా చిన్నల్లుని పసందే వేరు" అన్నారు. అదీ, నేను కోరుకున్న మురిపెంతోనే.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి సడ్డకుడు ఫోను చేసి దుకాణం పేరు అడుగుతూనే ఉన్నాడు, నేను దాటేస్తూనే ఉన్నాను. మొన్న ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నప్పుడు ఇక ఆగలేక నిజం చెప్పేశాను. అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "నా తొట్ల నేను ఒక్కసారే తానం చేసిన తమ్మీ, నడుం పట్టుకున్నది. తీపిద్దామంటె, నువ్వు నవ్వుతవని ఉంచిన" అన్నాడు. నేను కూడా నా తొట్టిలో ఇంతవరకు దిగలేదని ఒప్పుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఇద్దరం నవ్వుకున్నాం. ఒక తొట్టి కోసం రాత్రింబవళ్ళు కుళ్ళిపోయిన ఆ కుర్రవాణ్ణి చూసి నాకు జాలి కూడా వేసింది. అంతలో సడ్డకుడు చేయి కడుక్కోవడానికి లేస్తూ, "ఎట్లయితేంది, రంగు మాత్రం మస్తు పడ్డది తమ్మీ" అని నిట్టూర్చాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిట్టూర్పుకు ఈ వయసులో కూడా నా కడుపు చల్లబడింది.