గురువారం సుగుణక్క వంతు

నిన్న పొద్దున ఆరున్నరకు మా గేటుకు పల్లీ పాల బాటిల్ లేదు.

గురువారం అంటే సుగుణక్క వంతు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మనిషి. 'ఇవాళ దొరికిపోయావు అక్కా, మన వాట్సాప్ గ్రూప్‌లో నీ సంగతి చెప్తా' అనుకుంటూ ఫోన్ తీశాను.

గ్రూప్‌లో మెసేజ్ ఉంది.

తెల్లవారుజామున గుండెపోటు. దవాఖానాకు చేరేలోపే పోయిందట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. నిన్నంతా ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఇవాళ పొద్దున ఒకటి జరిగింది. అది మీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది!

తెలియనివాళ్ల కోసం: సుగుణక్క మెదక్‌లో మా గల్లీ చివర లేడీస్ టైలర్. మొదటిసారి బ్లౌజ్ ఇవ్వడానికి మండుటెండలో వెళితే చల్లటి మజ్జిగ ఇచ్చింది. గటగటా రెండు గ్లాసులు తాగేశాను.

"ఎవల బర్రె అక్కా? గింత చిక్కగుంది!"

"బర్రె లేదు గిర్రె లేదు. పల్లీలు!"

పల్లీ పాలు, అందులో తోడుకు పచ్చిమిరపకాయ తొడిమలు. అంతే! నేను నోరు తెరిచి చూస్తుంటే మూడో గ్లాసు కూడా పోసింది.

రేగోడ్ దగ్గర వాళ్ల పుట్టింట్లో బర్రె దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టారట, పాలు ఇస్తుందని. ఆ బర్రె దాన్నే నాకుతూ నిలబడిందట. అక్క ఆ రోజే పాలు, నెయ్యి, గుడ్లు, మాంసం అన్నీ మానేసింది. ఎవరికీ క్లాస్ పీకలేదు.

"దీన్ని వీగన్ అంటరక్కా" అని నేనే చెప్పాను.

"గదేం పేరే, మందు గోలీ పేరు లెక్క!" అంది.

నాకూ మానేయాలనిపించింది. కానీ టైమ్ ఎక్కడిది? నేనేమో స్కూల్ టీచర్‌ని. మా ఆయనకు తూప్రాన్ కంపెనీలో షిఫ్టులు. ఇద్దరు పిల్లలు, ఇద్దరివీ వేరే వేరే బస్సులు. రోజూ పల్లీలు నానబెట్టి, రుబ్బి, పిండటం నా వల్ల కాదని చేతులెత్తేశాను.

"రోజు ఎవరు రుబ్బుమన్నరే నిన్ను? ఐదిండ్లు, ఐదు పొద్దులు. వారానికొక్కపాలి రుబ్బు, చాలు."

అలా మొదలైంది మా గల్లీ పల్లీ పాల వంతు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. ఎవరి వంతు వాళ్లు రుబ్బి, మిగతా నాలుగు గేట్లకు బాటిల్ తగిలించాలి. వారానికి ఒక్క పొద్దున కష్టపడితే నాలుగు పొద్దులు రాణీభోగం!

మరి మిగతా వంట సంగతేంటి అంటే అక్క నవ్వేది. "జొన్నరొట్టె, పప్పుచారు, పచ్చిపులుసు, సర్వపిండి... మనం తినేది ముప్పావు ముందునుంచే గిట్లనే ఉంది. పాల సంగతి సూసుకుంటే అయిపాయె."

పాలు పిండగా మిగిలిన పిప్పిని సగం రొట్టెల పిండిలో కలిపేది. సగం తన ప్రహరీ గోడ మీద పెట్టేది, కాకులకు. ఆరేళ్లుగా రోజూ. మేము కూడా మా పిప్పి అక్కకే ఇచ్చేవాళ్లం.

ఇప్పుడు అసలు విషయం.

రేపు మూడో రోజు. మా వైపు పిట్టకు పెడతారు. అంటే పోయినవాళ్ల పేరు మీద వండినవన్నీ కాకికి పెట్టడం. అందులో యాట కూర, అదే మేక మాంసం, లేకపోతే అది పెట్టడమే కాదంటారు.

కానీ అక్క రెండు నెలల కింద గుండుసూదులు నోట్లో పెట్టుకుని నా బ్లౌజ్ సరిచేస్తూ అంది: "నేను పోతే నా పేరు మీద యాటను కొయ్యనియ్యకే."

"సరే అక్కా" అని నవ్వేశాను. నిజంగా ఈ రోజు వస్తుందని ఎవరికి తెలుసు?

ఇవాళ శుక్రవారం, నా వంతు. కళ్లు తుడుచుకుంటూనే రుబ్బాను. పిప్పి గిన్నె పట్టుకుని అక్క వాళ్లింటికి వెళ్తే, అక్క భర్తకు అన్న, రాజన్న, యాట కోసం ఫోన్ చేస్తున్నాడు. అక్క భర్త నర్సన్న ఓ మూల తల వంచుకుని కూర్చున్నాడు.

నేను ఆగలేదు. "రాజన్నా, యాట వద్దన్నది అక్క. నాతోనే చెప్పింది" అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. "ఇంటి బిడ్డ లెక్క ఉండె బిడ్డా. మంచిగ సాగనంపొద్దా? యాట లేకుంటే సుట్టాలేమంటరు? పిట్ట గూడ ముట్టదు" అన్నాడు.

గిన్నెలోని పిప్పి తీసి గోడ మీద పెట్టాను, అంతే.

నేను చెయ్యి తీశానో లేదో, ఒకటి దిగింది! తర్వాత రెండు! ఆ తర్వాత గోడ నిండా! నిన్న ఎవరూ పెట్టలేదు కదా, ఆకలి మీద ఉన్నాయి. రెండు నిమిషాల్లో గోడ శుభ్రం!

రాజన్న ఫోన్ చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

"యాట వద్దులే" అని పెట్టేశాడు. నా వైపు తిరిగి, "పల్లీల పెరుగు జర ఎక్కువ చెయ్యుండ్రి. నేను గూడ తింట" అన్నాడు.

మెదక్‌లో యాట తెగకుండా మూడో రోజు! అక్కా, సాధించాం!

రేపు జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, పల్లీ పెరుగు. కల్లు కూడా ఉంటుంది. చెట్టు ఇచ్చేది కాబట్టి అక్క లెక్కలో అది పాసే.

నేను బయల్దేరుతుంటే నర్సన్న పిలిచాడు. నిన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట.

"పల్లీలు ముందురోజు రాత్రే నానవెట్టాలెనా? గురువారం మా ఇంటి వంతు గదా."

అక్కా, విన్నావా? నీ గురువారం ఎక్కడికీ పోలేదు. ఇక మిషన్ ఆపి, నెమ్మదిగా, చల్లగా ఉండు.