దరఖాస్తు ఇయ్యవోతె మెడల దండవడ్డది

మొన్న నాకైన పని ఇంటె మీరు చేతిల చాయ్ ఒలకవోసుకుంటరు. నవ్వున్రి, ఏమన్న అనుకోను. గని మా ఇంటాయన ముంగట మాత్రం ఈ ముచ్చట ఎత్తకున్రి. అసలే 'లీడరమ్మా, చాయ్ తెస్తవా' అని సతాయిస్తుండు!

మా నూలు మిల్లు మూతవడ్డది గదా. పని పోయిందని అప్పటికి నేను గల్లీల ఒక్కలకు గూడ చెప్పలె. నాతోని పనిచేసిన షాహిదా బాజీ ఒకనాడు ఇంటికొచ్చి, "బాలమణీ, పని పోయినోళ్లకు కొన్ని నెలలు భత్యం ఇస్తరట. నేను ఎప్పుడో దరఖాస్తు ఇచ్చేసిన. నువ్వేంది ఇంట్ల కూసున్నవ్? ఈ వారం దాటితె తీస్కోరు!" అన్నది. నా దరఖాస్తు గూడ ఆమెనే రాపిచ్చింది.

"ఇచ్చుడు ఒక్కటేనా బాజీ? ఏమన్న మాట్లాడాల్నా?"

"ఆఫీసుల సారు అడిగితె చెప్పాలె మరి! నోట్లె బెల్లంగడ్డ వెట్టుకున్నట్టు నిలవడకు."

నాకు కొత్తోళ్ల ముంగట మాటనే రాదు. బస్సుల టికెట్ గూడ మా ఆయన అడగాల్సిందే. అందుకే తొవ్వంత మంత్రం లెక్క చదువుకుంటనే పోయిన: "దండం సారూ. మా మిల్లు మూతవడ్డది..."

పోతె ఏముంది? ఆఫీసుకు తాళం! తెలంగాణ కోసం సమ్మె నడుస్తుందాయె. గడువు దాటితె నా భత్యం గంగల కలిసినట్టే గదా! గేటు కాడ వాచ్‌మన్ అన్నడు, "సార్లంత చౌరస్తా కాడ టెంటుల ఉన్నరమ్మా. ఇయ్యాల దీక్ష మా ఆఫీసోళ్లదే. పెద్ద మీసాలాయన మా సారు, పొయ్యి అడుగు."

పోయిన. తెల్లచెద్దరు మీద సార్లంత వరుసగ కూసున్నరు, మెడల పూలదండలు. మీసాల సారు ఆఖరుకున్నడు. నిలవడి పిలుద్దామంటె అందరు నన్నే సూస్తున్నరు. సారు పక్కపొంట జాగ కనవడ్డది. ఆడ కూసోని మెల్లగ చెప్పుదామనుకున్న. కూసున్ననో లేదో, టెంటు చూసుకునే అన్న ఒకాయన ఉరికొచ్చి నొసట బొట్టు వెట్టి మెడల ఇంత లావు దండ ఏసిండు!

"ఏడికెల్లి వచ్చినవ్ అక్కా?"

"మిల్లు..." అన్న. ఇంకో మాట నోట్లెకెల్లి రాలె.

ఆయన మైకు అందుకున్నడు. "మిల్లు అక్కలు గూడ దీక్షల కూసున్నరు! జై తెలంగాణ!"

ఒకటే చప్పట్లు! ఇగ ఎట్ల లేస్తరో మీరే చెప్పున్రి. దండ తీసి పక్కకు వెట్టి పోతె తెలంగాణ వద్దన్నట్టుండదా? కూసున్న. సారుకు చెప్దామని అటు తిరిగినప్పుడల్ల ఆయన పిడికిలి ఎత్తి నినాదం ఇస్తుండు. నేను గూడ పిడికిలి ఎత్తుడు, దించుడు.

పగటీలి ఆకలైంది. సంచిల జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ఉన్నయ్. దీక్షల కూసోని రొట్టె తింటె కొట్టరా? సారు ముక్కు ఎగవీల్చి, "ఏడనో ఎల్లిపాయ కారం నూరుతున్నరు, పాణం గుంజుతుంది" అన్నడు. నేను సంచి మీద కొంగు కప్పి ఆకాశం దిక్కు సూసిన.

పొద్దుగూకంగ నిమ్మరసం తెచ్చిన్రు. హమ్మయ్య, ఒడిసింది అనుకున్న. అప్పుడే ఆ అన్న, "మిల్లు అక్క రెండు మాటలు మాట్లాడుతది!" అని మైకు నా చేతిల వెట్టిండు. నాకు నోటికి వచ్చినయి తొవ్వంత చదువుకున్న ఆ మాటలే. సారు దిక్కు తిరిగి అదే అన్న.

"దండం సారూ. మా మిల్లు మూతవడ్డది. నా పని పోయింది. ఇంట్ల ఎల్లుతలేదు. జర మీరే దిక్కు చూపియ్యాలె."

ఎన్కనుంచి ఒకాయన "మన కొలువులు మనకే గావాలె!" అని మొత్తుకున్నడు. చప్పట్లు, ఈలలు! ఇదే అదునని కాయితం తీసి సారు దిక్కు చాపిన. టెంటు అన్న నడుమల గుంజుకోని, "అక్క వినతిపత్రం తెచ్చింది! మా నాయకులకు అందిస్తం!" అని పైకి లేపి పట్టుకున్నడు.

నా పాణం పోయినంత పనైంది. మైకు నోటికాడనే ఉన్నదన్న సోయి గూడ లేదు.

"అన్నా, గది మీకు గాదు! నా భత్యం దరఖాస్తు! సారుకియ్యనీకే పొద్దుగాల వచ్చిన, మీరే దండ ఏసి కూసోవెట్టిన్రు!"

పాత బస్టాండు దాంక ఇనవడ్డదట. నవ్వలేక ఒకలమీద ఒకలు పడ్డరు. మీసాల సారు కండ్లు తుడుసుకుంట, "పొద్దుందాక పక్కనే ఉండి ఒక్క మాటన్న అనకపోతివి చెల్లే! సమ్మెల ఉన్నం, ఇప్పుడు కాయితం ముట్టద్దు. ఫికర్ జెయ్యకు, ఆఫీసు తెరిసినంక తే, గడువు పెంచుతరు" అన్నడు.

పాణం నిమ్మలమైంది. దరఖాస్తు తీస్కోని ఇంటికొస్తుంటె తొవ్వ పొడుగూత పలకరింపులే. "అయ్యో అక్కా, పని పోయిందట గదా?" అని కూరగాయలామె, "మిల్లు మూసేసిన్రా?" అని కిరాణ సేటు.

పని పోయిందని సిద్దిపేటంత చెప్పొచ్చిన. తెల్వనిది ఇగ ఒక్క తాళమేసిన ఆ ఆఫీసుకే!