సాంబయ్య గారి ప్రూఫ్‌లో తప్పు

2022 వర్షాకాలం. హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. నా పరిశోధన 'డిస్ట్రిబ్యూటెడ్ కన్సెన్సస్' మీద. అంటే దూరదూరంగా ఉన్న కంప్యూటర్లలో కొన్ని పాడైపోయినా, మిగిలినవన్నీ ఒకే నిర్ణయానికి రావడం. డిపార్టుమెంటులో ఆ సంగతులు మాట్లాడుకోవడానికి నాకు ఎవరూ లేరు. లంచ్‌లో ఆ మాట ఎత్తితే "ప్లేస్‌మెంట్లకు పనికొస్తదా మేడం?" అని నవ్వేవారు. మెల్లగా ఎత్తడం మానేశాను.

ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సాంబయ్య గారు వచ్చారు. రైల్వే సిగ్నల్ విభాగంలో రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉంటూ, ఇంటర్నెట్‌లో పాఠాలు చదువుకున్నారట.

"మీ థీసిస్ చదివిన మేడం. గందుకే మీ దగ్గరికే వచ్చిన. జర సూడుండ్రి" అంటూ లాంగ్ నోట్‌బుక్ ముందు పెట్టారు.

కంప్యూటర్లు ఎటూ తేల్చుకోలేనప్పుడు బొమ్మా బొరుసా వేసినట్టు ఒక పక్షం ఎంచుకునే పద్ధతి ఉంది. దాన్ని 'రాండమైజ్డ్ కన్సెన్సస్' అంటారు. ఎప్పుడో ఒకప్పుడు తేలుతుంది. కానీ సందేశాలు ఎంత ఆలస్యమవుతాయో తెలియనప్పుడు, ఇన్ని రౌండ్లలో తేలి తీరుతుందని హామీ ఇవ్వలేం. అది ఏనాడో నిరూపణ అయిన హద్దు. ఆ హద్దు దాటినట్టు నోట్‌బుక్‌లో నిరూపించానని సాంబయ్య గారు అంటున్నారు. ఆరేళ్ల శ్రమ అది.

అసాధ్యమని అప్పుడే చెప్పి పంపేయొచ్చు. నోరు రాలేదు. వారం రోజులు చదివాను. ఇరవై రెండు పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఇరవై మూడో పేజీలో ఒక వాక్యం: 'జవాబు రాని కంప్యూటర్ పాడైనట్టే.'

మళ్లీ వచ్చినప్పుడు అడిగాను. "సార్, మీ రైల్వేలో బండి పంపొచ్చని అవతలి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాకపోతే ఏం చేసేవాళ్లు?"

"బండి ఆపుతుంటిమి."

"స్టేషన్ మాస్టర్ చనిపోయాడనుకునేవాళ్లా?"

"అట్లెట్ల అనుకుంటం బిడ్డా! వైరు తెగొచ్చు, ఫోన్ ఖరాబు కావొచ్చు..."

నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని ఇరవై మూడో పేజీ తీశారు. ఆ వాక్యం కింద వేలు పెట్టారు.

"ఆలస్యమైనోన్ని సచ్చిండని రాసిన" అన్నారు. "మరి బండి ఎంతసేపు ఆపాలె?"

"అది ముందుగా చెప్పలేం సార్. హద్దు అదే."

"ఆరేండ్లు పోయినయ్."

మొదటి ఇరవై రెండు పేజీల్లో ఒక్క తప్పూ లేదన్నాను.

"గవన్నీ చదివినవా?"

"రెండుసార్లు."

కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "ఇంట్ల చెప్పుకునేతందుకు ఎవ్వలు లేరు బిడ్డా. తప్పయినా సరే, ఒక్కలు చదవాలె అనిపించింది."

తర్వాత నా థీసిస్ నాలుగో అధ్యాయం మీద ఒక ప్రశ్న వేశారు. అంతకుముందు దాని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. జవాబు చెబుతూ ఉండగానే కాలేజీ బస్సు వెళ్లిపోయింది.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరెవరి నుంచో నాకు ఇలాంటి ప్రూఫ్‌లు వస్తుంటాయి. ఫలితం తప్పని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎక్కడ తప్పిందో చూపించాలంటే మాత్రం, అక్కడిదాకా ఆ మనిషి వెంట నడవాల్సిందే. నేను నడుస్తున్నాను.